సొరచేపల సంచార పరిశీలనము: గోదావరి తీరము, బంగాళాఖాతము

సముద్రమున సంచరించు సొరచేపల దేహములకు అంకెలు గల బిళ్ళలను గాని, శబ్దమును వెలువరించు యంత్రములను గాని, ఉపగ్రహమునకు సంకేతములు పంపు యంత్రములను గాని అమర్చి, లేదా వాని చర్మముపై సహజముగా నున్న చుక్కలను ఛాయాచిత్రములలో పోల్చి, అవి ఏ ఋతువున ఎచ్చట నుండునో, ఎంత లోతునకు దిగునో, ఏ మార్గమున పోయి ఎప్పుడు మరలివచ్చునో నిర్ణయించు శాస్త్రవిధానమునకు సంచార పరిశీలనమని పేరు. అంతరించిపోవు స్థితిలో నున్న జాతుల విషయమున ఈ విద్యకు ప్రయోజనము రెండు విధములు. ఒకటి, ఏ జలభాగమును ఏ నెలలలో కాపాడవలెనో తెలియుట. రెండవది, ఆ జాతి ఏయే దేశముల జలములను దాటుచున్నదో తెలిసి, రక్షణభారమును ఆయా దేశములు పంచుకొనుటకు ఆధారము లభించుట.

చేపల వలస గోదావరి జనులకు క్రొత్త విషయము కాదు. ఏటిలో ఎఱ్ఱనీరు వచ్చిన వెంటనే పులస సముద్రమును విడిచి గౌతమీ వసిష్ఠ పాయల వెంట ధవళేశ్వరము ఆనకట్ట దాక ఎదురీది వచ్చునని లంకగ్రామముల పిల్లలు సైతము ఎరుగుదురు. కాని పులస మనుష్యుల కన్నుల యెదుట ఏటిలోనికి వచ్చును. సొర మాత్రము తీరమునకు దూరముగా, తరచు వెలుగు చొరని లోతులలో తిరుగును. అందుచేత దాని రాకపోకలను గూర్చి మత్స్యకారుల అనుభవము చెప్పగలిగినంత చెప్పిన పిమ్మట, మిగిలిన దానిని యంత్రసహాయమున గ్రహింపవలసి వచ్చినది.

క్షేత్రము

ధవళేశ్వరమున 1852లో పూర్తియైన ఆనకట్టకు దిగువ గోదావరి గౌతమిగను వసిష్ఠగను చీలి, వైనతేయాది పాయలతో కూడి యానాము, భైరవపాలెము మొదలుకొని అంతర్వేది వరకు గల తీరమున సముద్రమును చేరుచున్నది. ఉత్తరమున కాకినాడ అఖాతము కలదు. దీనికి సముద్రమువైపున హోప్ దీవి యను పొడవైన ఇసుకదిబ్బ అడ్డుగా నిలిచి అలల తాకిడిని తగ్గించుచుండగా, దక్షిణమున కోరంగి మడ అడవులు వ్యాపించి యున్నవి. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ ప్రదేశపు వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నది తెచ్చు ఒండ్రుతోను మడచెట్ల ఆకుల కుళ్ళుతోను పోషింపబడిన ఈ సారవంతమైన లోతులేని జలములు రొయ్యలకు చిన్నచేపలకు ఉనికిపట్లు. వానిని ఆహారముగా గొను చిన్నసొరలకును పెద్దసొరల పిల్లలకును అనుకూలములు.

కాకినాడ కుంభాభిషేకము రేవునందును, ఉప్పాడ మొదలగు తీరగ్రామములందును దిగుచుండు చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు జాతివారీగా నమోదు చేయుదురు. 1947లో స్థాపింపబడిన ఆ సంస్థ లెక్కలు సంచార పరిశీలనము కాకపోయినను, ఏ జాతి ఏ నెలలో ఏ పరిమాణమున వలలో పడుచున్నదో తెలుపుటచేత, యంత్రములు పెట్టవలసిన స్థలమును కాలమును నిర్ణయించుటకు అవియే మొదటి మెట్టు.

జాతులు

ఈ తీరమున ప్రజలకు మిక్కిలి పరిచితమైనది పాలసొర. బాలింతకు పాలు పడునను నమ్మకముతో దీనిని ప్రత్యేకముగా వండిపెట్టుట తీరాంధ్రమున ఆచారము. సొరపిట్టు కాకినాడ ప్రాంతపు ప్రసిద్ధ వంటకము. ఏటి ముఖములలోని లోతులేని నీటిలో దిరుగు చదునుముక్కు గల చిన్నసొర, తోకయంచున మచ్చ గల సొర, నల్లరెక్క సొర, సుత్తివంటి తల గల కొమ్ముసొర మొదలగునవి గూడ వలలలో దొరకుచుండును. వీనిలో అలతల కొమ్ముసొర ప్రపంచవ్యాప్తముగా అత్యంత విపన్నస్థితిలో నున్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘముచే పరిగణింపబడినది. దీని పిల్లలు ఆరంభదశలో తీరసమీపపు అఖాతములలో నుండి, పెరిగిన కొలది లోతైన సముద్రమునకు తరలిపోవును.

తిమింగల సొర చేపలన్నిటిలో పెద్దది. సుమారు పదునెనిమిది మీటర్ల వరకు పెరుగు ఈ జంతువు నోరు తెరచి నీటిని వడగట్టి, సూక్ష్మజీవులను, చేపగ్రుడ్లను, చిన్నచేపలను భక్షించును. మనుష్యునకు హాని చేయదు. 1828లో దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతమున దొరకిన దానిని జూచి ఆండ్రూ స్మిత్ దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. 2016 నుండి ఇది విపన్నజాతుల పట్టికలో నున్నది. 1995లో తైవాను తీరమున చిక్కిన ఒక ఆడుసొర గర్భమున సుమారు మూడువందల పిల్లలు కనబడినవి గాని, ఈ జాతి సామాన్యముగా ఎచ్చట ఈనునో నేటికిని నిర్ధారణ కాలేదు. సంచార పరిశీలకులను ఎక్కువగా ఆకర్షించుచున్న ప్రశ్నలలో ఇది యొకటి.

పాండిచ్చేరి సొర అతి విరళము. ప్రపంచపు మ్యూజియములలో దీని నమూనాలు ఇరువదికి అటునిటుగా మాత్రమే యున్నవి. కాకినాడ సమీపమున నదీముఖములో ఈ సొర కనబడినదని పత్రికలలో వార్త వెలువడినది. సొరలకు దగ్గరి బంధువులైన రంపపు చేపలును టేకుచేపలును ఈ వర్గముతోనే కలిపి అధ్యయనము చేయబడుచున్నవి.

సొరలు సామాన్యముగా ఆలస్యముగా ఈడేరి, తక్కువ సంఖ్యలో పిల్లలను కని, దీర్ఘకాలము జీవించును. వేలకొలది గ్రుడ్లు పెట్టు కవ్వలు, కానాగంతలు వలల దెబ్బనుండి కొన్ని సంవత్సరములలో కోలుకొనగలవు. సొరకు అట్టి శక్తి లేదు. 2021లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము మహాసముద్రములలోని సొరలు, టేకుచేపల సంఖ్య 1970 నుండి 71 శాతము తగ్గినది. ఆ కాలముననే వానిపై వేట ఒత్తిడి పదునెనిమిది రెట్లు పెరిగినది.

పూర్వచరిత్ర

తెలుగుతీరపు సొరలను గూర్చిన శాస్త్రీయ పరిజ్ఞానము పాట్రిక్ రస్సెల్‌తో ఆరంభమైనది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడును ప్రకృతిశాస్త్రజ్ఞుడునైన ఈయన విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల చిత్రములను వర్ణనలను 1803లో లండనునందు రెండు సంపుటములుగా ప్రకటించి, మత్స్యకారులు చెప్పిన తెలుగు పేర్లనే వానికి శీర్షికలుగా వాడెను. తోకమచ్చ సొరకు నేటి శాస్త్రనామమున 'సొర' అను మాట నిలిచియున్నది. రస్సెల్ చేసినది జాతుల వివరణ మాత్రమే. ఆ చేపలు ఎక్కడినుండి వచ్చుచున్నవను ప్రశ్నకు సమాధానము వెదకు సాధనములు ఆనాటికి లేవు.

గుర్తుపెట్టి విడుచు పద్ధతి పెద్దయెత్తున 1962లో అమెరికాలో మొదలైనది. జాక్ కేసీ ఆధ్వర్యమున ఆరంభమైన సహకార కార్యక్రమమున, వినోదమునకు గాలము వేయువారును వృత్తిమత్స్యకారులును పట్టిన సొరలకు అంకెల బిళ్ళలు గుచ్చి విడిచిపెట్టుచు, తిరిగి దొరకినపుడు తెలుపుచు వచ్చిరి. ఉపగ్రహ సహాయమున మొదటిసారిగా ఒక సొరను అనుసరించినది 1982లో. స్కాట్లండు పశ్చిమతీరమున క్లైడ్ జలములలో ఇమాంట్స్ ప్రీడ్ ఒక బాస్కింగ్ సొరకు తేలు యంత్రమును త్రాటితో కట్టి పదునేడు దినములు దాని జాడ గనెను. తరువాత 2003లో దక్షిణాఫ్రికా తీరమున గుర్తుపెట్టబడి 'నికోల్' అను పేరు పొందిన తెల్లసొర, హిందూ మహాసముద్రమును దాటి ఆస్ట్రేలియా పశ్చిమతీరమునకు పోయి, తొమ్మిది మాసముల లోపల బయలుదేరిన చోటికే మరల వచ్చి, ఇరువదివేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమును ముగించినట్లు రుజువైనది. ఒక దేశపు శాసనము మాత్రమే సొరను కాపాడజాలదని అంతకు ముందు ఊహగా చెప్పుచుండిన మాట దీనితో నిరూపితమైనది.

సాధనములు, పనిచేయు తీరు

అంకెల బిళ్ళ. ఇది అన్నిటికంటె చౌక. సొర వెన్నురెక్క మూలమున గుచ్చిన బిళ్ళపై సంఖ్యయు, తెలుపవలసిన చిరునామాయు ఉండును. విడిచిన చోటును దొరకిన చోటును మాత్రమే దీనివలన తెలియును; నడిమి మార్గము తెలియదు. సమాచారమంతయు దానిని పట్టినవాని సహకారముపైననే ఆధారపడి యుండును.

శబ్దయంత్రము. సొర దేహమున అమర్చిన చిన్నయంత్రము నియమిత వ్యవధులలో, సాధారణముగా 69 కిలోహెర్ట్జుల పౌనఃపున్యమున, తన సంఖ్యను శబ్దరూపమున వెలువరించును. సముద్రపు అడుగున లంగరు వేసిన శబ్దగ్రాహకములు, తమకు కొన్ని వందల మీటర్ల దూరములో సొర పోయినపుడు ఆ సంఖ్యను కాలముతో సహా నమోదు చేసికొనును. రేడియో తరంగములు ఉప్పునీటిలో చొరజాలవు గాని శబ్దము చొచ్చుకొని పోగలదు. ఈ పద్ధతికి ఆధారము అదియే. అఖాతములకును నదీముఖములకును ఇది తగినది. హవాయిలోని కనియోహే అఖాతమున కొమ్ముసొర పిల్లలు పగలు గుంపుగా నొకచోట నుండి రాత్రివేళ విస్తరించి తిరుగుచున్నట్లు ఇట్టి పరిశీలనవలననే తెలిసినది. ఫ్లోరిడాలోని టెరాసియా అఖాతమున 2001 సెప్టెంబరులో గాబ్రియెల్ తుపాను రాకమునుపే, వాయుపీడనము పడిపోవుచుండగా, గుర్తుపెట్టబడిన నల్లరెక్క సొరపిల్లలు లోతులేని అఖాతమును విడిచి బయటి సముద్రమునకు పోయి, తుపాను దాటిన పిమ్మట మరలివచ్చినవి. 1996 నవంబరు తుపానును అనుభవించిన కోనసీమ తీరవాసులకు ఈ ఫలితము ప్రత్యేకముగా గమనింపదగినది. సొరలకు ఈ తెలివి యెట్లు కలుగునో తెలిసినచో జంతువుల వాతావరణ స్పృహను గూర్చి మనము ఎంతయో నేర్వవచ్చును.

ఉపగ్రహ యంత్రము. వెన్నురెక్కకు బిగించిన ఈ యంత్రమున ఉప్పునీటిలో నున్నంతసేపు మూగగా నుండి, రెక్క నీటిపైకి రాగానే మేల్కొను మీట యుండును. 1978లో ఫ్రాన్సు అమెరికాలు కలసి నెలకొల్పిన ఆర్గోస్ వ్యవస్థ ఉపగ్రహములు ఆ సంకేతము పౌనఃపున్యములో కలుగు మార్పును బట్టి స్థానమును గణించును. అనుకూల పరిస్థితులలో పొరపాటు 250 మీటర్లలోపు. సంకేతములు కొద్దిగా మాత్రమే అందినపుడు అనేక కిలోమీటర్లు. తిమింగల సొరవంటి, ఉపరితలమున చాలసేపు మేయు జంతువులకు ఇది ఉపయుక్తము. ఎప్పుడును పైకి రాని జాతులకు నిష్ప్రయోజనము.

తనంత విడివడు యంత్రము. పైకి రాని జాతుల కొరకు ఏర్పడినదిది. నెలలకొలది లోతును, ఉష్ణోగ్రతను, వెలుగును నమోదు చేసి, నియమిత దినమున బిగింపు తీగ విద్యుచ్ఛక్తిచే కరగిపోగా, పైకి తేలి, కూడబెట్టిన సమాచారమును ఉపగ్రహమునకు అప్పగించును. మధ్యాహ్నమైన వేళను బట్టి రేఖాంశమును, పగటి నిడివిని బట్టి అక్షాంశమును గణింతురు. విషువత్కాలములందు లోకమంతట పగళ్ళు సమానమగుటచే ఆ దినములలో అక్షాంశము తెలియదు. మిగిలిన దినములలో సైతము వంద కిలోమీటర్ల పొరపాటు సామాన్యము. అయినను లోతు విషయమున దీనికి సాటి లేదు. మెక్సికో సింధుశాఖలో ఒక తిమింగల సొర 1,928 మీటర్ల లోతునకు దిగినట్లు ఇట్టి యంత్రమే చూపినది.

చుక్కల పోలిక. తిమింగల సొర వీపుపై నుండు తెల్లని చుక్కల అమరిక ఏ రెండు జంతువులలోను ఒకటిగా నుండదు. నక్షత్రపటములను పోల్చుటకు ఖగోళశాస్త్రమున వాడుచుండిన గణనపద్ధతిని మార్చి, 2005లో ఆర్జుమానియన్, హోంబర్గ్, నార్మన్ అను మువ్వురు ఈ చుక్కలను పోల్చు విధానమును ప్రకటించిరి. జంతువును తాకనక్కరలేదు, ఈదువాడు తీసిన ఒక ఛాయాచిత్రము చాలును. హింస లేని ఈ పద్ధతి సామాన్యజనులను పరిశోధనలో భాగస్వాములను చేసినది.

భారతదేశమున

ఇరువదవ శతాబ్దపు తుదివరకు సౌరాష్ట్రతీరమున తిమింగల సొరలను నూనె కొరకును మాంసము కొరకును వేటాడుచుండిరి. మైక్ పాండే 2000లో తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అను చిత్రము ఈ వేటను లోకమునకు చూపినది. 2001 మే 28న తిమింగల సొర వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చబడి, శాసనరక్షణ పొందిన తొలి చేప యైనది. 2004 నుండి గుజరాతు అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్ సంస్థలు కలసి నడిపిన కార్యక్రమమున కథావాచకులైన మొరారి బాపు దానిని పుట్టింటికి కానుపునకు వచ్చు ఆడపడుచుతో పోల్చి 'వ్హాలీ' యని పిలిచిరి. వలను కోసి సొరను విడిచిన మత్స్యకారునకు ప్రభుత్వము నష్టపరిహారమిచ్చినది. విడుదలను ఛాయాచిత్రముతో నమోదు చేయుటకు వారికే కెమెరాలు ఇయ్యబడినవి. వందలకొలది సొరలు ఇట్లు బ్రతికి సముద్రము చేరినవి. 2011లో ఆ తీరమున తిమింగల సొరకు ఉపగ్రహ యంత్రము నమర్చుట ఆరంభమైనది. అనగా, పరిశోధకులకు యంత్రము అమర్చు అవకాశము కల్పించినది, అంతకుముందే ఏర్పడియున్న మత్స్యకారుల విశ్వాసమే. ఈ క్రమము తారుమారైయుండినచో కార్యము సాగెడిది కాదు.

ఆంధ్రతీరమునను తిమింగల సొరను రక్షించిన ఘటన యొకటి జరిగినది. విశాఖపట్టణ సమీపమున తంతడి తీరమునకు చేరిన సుమారు రెండు టన్నుల తిమింగల సొరను అటవీశాఖవారు, మత్స్యకారులు, పరిరక్షకులు కలసి బ్రతికియుండగానే లోతునీటికి మరలించిరి. యంత్రపద్ధతుల అనుభవము గూడ తెలుగునేలకు దూరము కాదు: హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మొదలగువారితో కలసి, భారతజలములలోని తూరచేపలకు తనంత విడివడు యంత్రముల నమర్చి వాని వలసలను పరిశీలించినది. (చూడుము: తూరచేప, సముద్ర సమాచార సేవ.)

పరిరక్షణమునకు అన్వయము

సంచార మార్గములను పడవల మార్గములతో పోల్చునపుడే ఈ విద్య సంపూర్ణముగా ఫలించును. 2019లో వెలువడిన ఒక అధ్యయనమున 1,681 సొరల జాడలను పొడవైన గాలపుత్రాళ్ళు వేయు నౌకల సంచారముతో పోల్చగా, సొరలు వాడు జలభాగములో సగటున ప్రతిమాసము 24 శాతము వేటక్షేత్రములతో కలిసిపోవుచున్నదని తేలినది. 2022లో 348 తిమింగల సొరల జాడలను పరిశీలించిన మరియొక అధ్యయనము, అవి ఉపరితలమున తిరుగు విస్తీర్ణములో 92 శాతము పెద్దనౌకల రాకపోకలతో కలిసియున్నదని చూపినది. నౌక తగిలి చచ్చిన సొర మునిగిపోవును గనుక అట్టి మరణములు లెక్కకు రావు. ఒకవైపు కాకినాడ, మరియొకవైపు విశాఖ రేవులు గల తీరమునకు ఈ పరిశోధన నేరుగా వర్తించును. సంచార పరిశీలనము శాసనమునకు దారితీసిన దృష్టాంతము గూడ కలదు: గలాపగోస్, కోకోస్ దీవుల నడుమ కొమ్ముసొరలు మొదలగునవి పోవు మార్గము తెలిసిన మీదట, ఈక్వడారు దేశము 2022 జనవరిలో అరువదివేల చదరపు కిలోమీటర్ల హెర్మాండాడ్ సముద్ర రక్షితక్షేత్రమును ఏర్పరచినది.

గోదావరి తీరమున ఉపగ్రహ యంత్రము కంటె, అఖాతపు ముఖద్వారములందు శబ్దగ్రాహకములను వరుసగా నమర్చుటయు, రేవునందు దిగు సొరలను జాతివారీగా లెక్కించుటయు కలిపి సాగించిన పరిశీలనమే ఎక్కువ ఫలమిచ్చునని చెప్పవలసియున్నది. ఇచ్చట రక్షింపవలసినవి ముఖ్యముగా అఖాతములలో పెరుగు సొరపిల్లలు. అవి మహాసముద్రములు దాటవు, నీటిపైకి రావు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలగు వేటనిషేధము ఆ పిల్లల కాలముతో ఎంతవరకు సరిపోవునో తేల్చుటకు ఇంతకంటె మంచి మార్గము లేదు.

శాసనములు

2001 జూలై 11న భారత ప్రభుత్వము సొరలు, టేకుచేపల నన్నిటిని మొదటి పట్టికలో చేర్చినది. జీవనోపాధి పోయినదని మత్స్యకారులు తీవ్రముగా విన్నవించుకొనగా, అదే సంవత్సరము డిసెంబరు 5న ఆ నిషేధము పది జాతులకు పరిమితము చేయబడినది. తిమింగల సొర, పాండిచ్చేరి సొర, గంగాసొర, రంపపు చేపలు అందులోనివి. రెక్కలు మాత్రము కోసికొని దేహమును సముద్రమున పారవేయుట 2013లో నిషేధింపబడినది. సొరరెక్కల ఎగుమతి 2015లో ఆపబడినది. అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడికయైన సైటిస్ రెండవ అనుబంధమున తిమింగల సొర 2002లోను, కొమ్ముసొరలలో మూడుజాతులు 2013లోను, పాలసొర చేరిన కుటుంబమంతయు 2022లోను చేర్చబడినవి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ చట్టము ఆ ఒడంబడిక జాతులకు ప్రత్యేకముగా ఒక పట్టికను ఏర్పరచినది. (చూడుము: వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972.)

పరిమితులు

ఉపగ్రహ యంత్రము ఖరీదైనది గనుక కొలది జంతువులకే అమర్చబడును. ఆ కొలదింటి నడవడి జాతి యంతటికిని వర్తించునని తొందరపడి చెప్పరాదు. యంత్రములపై నాచు, నత్తలు పేరుకొని వానిని మూగవి చేయును. గోదావరి వరదకాలపు బురదనీరును మరపడవల చప్పుడును శబ్దగ్రాహకముల వినికిడిని తగ్గించును. కొమ్ముసొరలు పట్టుబడిన కొద్దిసేపటికే సొమ్మసిల్లి చచ్చు స్వభావము గలవగుటచే, వానిని పట్టి గుర్తుపెట్టుటలో పరిశోధకుడు అతిజాగరూకుడు కావలెను. సొర ఉనికి స్థలములు ఎప్పటికప్పుడు బహిరంగమైనచో వేటగాండ్రకు అవియే దారి చూపును గనుక, స్థానములను ఆలస్యముగా ప్రకటించుట మంచిది.

మత్స్యకారుల పాత్ర

ఏ పద్ధతి యైనను తుదకు పడవ మీది మనుష్యుని చేతిలో నున్నది. వలలో పడిన రక్షితజాతిని విడుచుటకు వల కోయవలసి వచ్చును. ఆ నష్టమును భరింపుమని పేదకుటుంబమును కోరుట న్యాయము కాదు. సౌరాష్ట్రమున అమలైన పరిహారపద్ధతి గోదావరి తీరమంతట, ఉప్పాడ నుండి అంతర్వేది వరకు, ఆలస్యము లేక చేరవలసియున్నది. వలలోగాని గాలమునగాని బిళ్ళయో యంత్రమో గల సొర కనబడినచో, అది ప్రాణముతో నున్నయెడల గుర్తును తొలగింపక సంఖ్యను మాత్రము చూచి విడిచిపెట్టవలెను. చచ్చియున్నయెడల గుర్తును భద్రపరచవలెను. రెండు సందర్భములలోను తేదీ, స్థలము, సుమారు పొడవు వ్రాసికొని దగ్గరి అటవీశాఖ కార్యాలయమునకు గాని, కాకినాడలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రమునకు గాని తెలుపవలెనని తీరవాసులకు మనవి.